ఆయన ఎత్తు, నా వేలు

3, మంగళవారం

వైరు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అలాగే ఉంటుందన్నాడు అబ్బాయి. పొయ్యి వెచ్చగా ఉందంటే అర్థముంది, వైరు ఎందుకు వెచ్చబడాలి? ఆ కంప్యూటరు పెట్టెని తెచ్చి సరిగ్గా ఆయన మంచం కాళ్ళ దగ్గరే పెట్టాడు. పేలితే ముందు ఆయన పాదాలు, తర్వాత కర్టెన్లు, తర్వాత ఇల్లు. బకెట్టు నిండా నీళ్ళు పట్టి గుమ్మం పక్కన పెట్టాను. వాడు చూసి, "అమ్మా, కరెంటు మీద నీళ్ళు పోస్తే నాన్నకంటే ముందు నువ్వు పోతావు" అన్నాడు. బకెట్టు తీసేశాను. ఇసుక ఎవరినడగాలో తెలియడం లేదు.

గోదాముల ఆఫీసులో ఆయన ఉద్యోగమంతా ఈ పెట్టె ముందే గడిచింది. ఆఫీసువాళ్ళు పాతవి పారేస్తుంటే ఒకటి ఇంటికి మోసుకొచ్చుకున్నారు. నల్లటి అద్దం, దాని మీద పచ్చటి అక్షరాలు, అంతే. బొమ్మా లేదు, పాటా లేదు. సాయంత్రం రాగానే దాని ముందు కూర్చుని దానితోనే చదరంగం ఆడేవారు. నేను గ్లాసు పట్టుకుని వెనక నిలబడితే, "నువ్వు వెనకాల ఉంటే ఆట చెడుతుంది. అక్కడ పెట్టి పో" అనేవారు. పెట్టి పోయేదాన్ని.

ఇప్పుడు ఒళ్ళు పడిపోయింది. మాట పోయింది. ఎడమ కంటి రెప్ప ఒక్కటే ఆయన చెప్పినట్టు వింటోంది. కుడి కన్ను సగం తెరిచి సగం మూసి, గడియ ఊడిన తలుపులా ఉంటుంది. అబ్బాయి ఒక పద్ధతి పెట్టాడు. అవునంటే ఎడమ రెప్ప వాల్చాలి, కాదంటే ఊరుకోవాలి. (కన్ను మూయడం అని రాయను. ఆ మాట ఈ ఇంట్లో వద్దు.)

"నాన్నా, చదరంగం ఆడతారా?" అన్నాడు.

రెప్ప టక్కున వాలింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక అంత తొందరగా వాలడం ఇదే. నేను రోజూ ఎన్ని అడుగుతాను!

5, గురువారం

"నాకు రాదురా" అంటే, "నువ్వు ఆడక్కర్లేదమ్మా, ఆడేది నాన్న. నువ్వు నొక్కడమే" అన్నాడు. లిఫ్టులు బాగుచేసేవాడు కదా, వాడికి లోకంలో ఏదైనా నొక్కడమే.

ఆ పెట్టె అక్షరాలు మా బడిలో లేవు. ఉన్నా నేను ఐదులోనే మానేశాను. వాడు అట్ట మీద రాసిచ్చాడు. కింద అడ్డంగా ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది అక్షరాలు, పక్కన నిలువుగా ఎనిమిది అంకెలు. నేను వేలు అక్షరాల మీద మెల్లగా నడిపించాలి. ఆయన రెప్ప వాల్చిన చోట ఆగాలి. తర్వాత అంకెల మీద నడిపించాలి. దాంతో కదపాల్సింది ఏ గడిలో ఉందో తెలుస్తుంది. మళ్ళీ ఒక అక్షరం, మళ్ళీ ఒక అంకె. అది ఎక్కడికి వెళ్ళాలో తెలుస్తుంది. నాలుగు రెప్పలకి ఒక ఎత్తు. నాలుగూ నొక్కి పెద్ద మీట నొక్కితే పెట్టె కాసేపు ఆలోచించుకుని, తన ఎత్తు వేసి, పలకంతా మళ్ళీ కొత్తగా రాస్తుంది.

పలక అంటే పలకా కాదు. చుక్కలూ అక్షరాలూ. చుక్క ఉంటే ఖాళీ గడి. పెద్ద అక్షరాలు మనవి, చిన్న అక్షరాలు దానివి. తోక ఉన్న సున్నా మంత్రి. చెయ్యీ కాలూ చాపి నిలబడ్డది రాజు. "గుర్రం ఏదిరా?" అంటే రెండు నిలువు కర్రల మధ్య వాలిపోయిన కర్రని చూపించాడు. దాన్ని గుర్రమనుకోవాలంటే చాలా భక్తి కావాలి.

చెల్లని ఎత్తు నొక్కితే పెట్టె కీచుమని అరుస్తుంది. మొదటిసారి అరిచినప్పుడు నేను అట్ట పారేసి వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన పైకప్పు చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు.

8, ఆదివారం

చిన్న బి, చిన్న డి కవలపిల్లలు. ఒకదానికి పొట్ట ఇటు, ఒకదానికి అటు. ఆయన డి దగ్గర రెప్ప వాల్చారు, నేను బి నొక్కాను. పెట్టె అరవలేదు, ఆ ఎత్తూ చెల్లుతుందట. ఆయన ఏనుగు పోయింది.

నా వైపు చూడలేదు. అద్దాన్ని కాసేపు చూసి రెప్ప దించేశారు. ఇక ఎత్తలేదు. మధ్యాహ్నం చెంచాతో జావ పోస్తే మింగలేదు. పెదవి మీంచి గడ్డానికి, గడ్డం మీంచి మెడ మడతల్లోకి. తుడిచాను. పోశాను. తుడిచాను. మింగడం చేతకాక కాదు, పొద్దున మింగారు.

మాట ఉన్నప్పుడు మట్టిబుర్ర అనేవారు. నలుగురిలో అన్నా నవ్వేసేదాన్ని, నవ్వకపోతే ఇంకోసారి అంటారని. ఇప్పుడు అనలేరు. అనకుండా అనడం నేర్చుకున్నారు.

నేను కావాలని చేశానా? కావాలని చేయలేదు.

9, సోమవారం

మింగారు.

12, గురువారం

అద్దం మీద అడుగున ఎప్పుడూ రాని వరుస ఒకటి వచ్చి ఆగిపోయింది. ఏం నొక్కినా కదలదు. పాడు చేసేశాననుకున్నాను. అబ్బాయికి ఫోన్ చేశాను. ఒక్కో అక్షరం ఎలా ఉందో చెప్పమన్నాడు. గుండ్రంగా ఉంది, కొక్కెంలా ఉంది, నిచ్చెనలా ఉంది అని చెబుతుంటే ఫోన్లోనే కేక పెట్టాడు, "నాన్న గెలిచారమ్మా!"

గ్రీజు బట్టలతోనే వచ్చేశాడు. వాళ్ళ వర్క్‌షాపులో అందరికీ టీ ఇప్పించాడట. వాడి కేకలకి పక్కింటి టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చింది. "ఒక్క కన్నుతో గెలిచారా! మా ఆయనకి రెండు కళ్ళూ ఉన్నాయి, చొక్కా గుండీ ఏ వైపుంటుందో తెలీదు" అంది.

అబ్బాయి ఆయన మంచం మీద కూర్చుని, "సంతోషమా నాన్నా?" అన్నాడు. రెప్ప. "ఇంకో ఆట వేసుకుంటారా?" రెప్ప. "ఆదివారం రానా?" రెప్ప.

"అమ్మ బాగా నొక్కుతోందా?"

ఊరుకున్నారు.

అబ్బాయి పగలబడి నవ్వాడు. టైలరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

13, శుక్రవారం

జావలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. ఊరుకున్నారు. వేయనా అన్నాను. ఊరుకున్నారు.

14, శనివారం

దిండు ఎత్తుగా ఉందా? ఊరుకున్నారు. పల్చగా ఉందా? ఊరుకున్నారు. కిటికీ వేయనా? ఊరుకున్నారు. తీసే ఉంచనా? ఊరుకున్నారు. ఎక్కడైనా నొప్పిగా ఉందా, నేనేమైనా అన్నానా, మీకేం కావాలండీ?

అట్ట తీసుకురానా?

రెప్ప.

17, మంగళవారం

వేలు జారింది. గుర్రం పోయింది.

18, బుధవారం

ఈరోజు కూడా వేలు జారింది. చెమటకి. మీటలు నున్నగా ఉన్నాయి, అబ్బాయికి చెప్పాలి.

వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవడానికి ఒక మాట కొట్టాలి. అబ్బాయి నేర్పాడు, నాకొచ్చు. ఆయనకీ తెలుసు నాకొచ్చని. అందుకే నా వైపు చూశారు. అద్దం వైపు కాదు, పైకప్పు వైపు కాదు. నా మొహంలోకి. నేను కాస్త పక్కకి జరిగితే కన్ను నాతోపాటు జరిగింది. ఇటు జరిగితే ఇటు.

పెళ్ళైనప్పట్నుంచి ఇంతసేపు నా మొహం చూసింది లేదు.

పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. వెళ్ళలేదు.

"వెనక్కి తీసుకోనా?" అన్నాను. రెప్ప. "మరి మధ్యాహ్నం జావ మొత్తం మింగుతారా?" కాస్త ఆగి, రెప్ప.

మొత్తం మింగారు. ఒంట్లో బలం చేరడానికి మంచి ఉపాయం దొరికింది. డాక్టర్లకి ఇవన్నీ తెలియవు.

19, గురువారం

ఉపాయం బాగా పనిచేస్తోంది. మందుకి ఒకసారి, స్నానం చేయించేటప్పుడు ఒకసారి. వేలు జారగానే చూస్తారు. వెనక్కి తీసుకోనా అంటే రెప్ప. నన్ను తిట్టుకోవడం లేదు కదా అంటే ఊరుకుంటారు. ఊరుకుంటే లేదని కదా.

ఆట మాత్రం ఓడిపోతున్నారు. ఓడితే ఏముంది, ఆటేగా. గెలిచిన రోజు నాడి ఎక్కువ కొట్టుకుంటోంది, నేను చూశాను. ఆ ఉద్రేకం ఈ ఒంటికి మంచిది కాదు.

21, శనివారం

అబ్బాయి ఒక డాక్టరమ్మని తీసుకొచ్చాడు. మాట పడిపోయినవాళ్ళకి మాట నేర్పే ఆవిడ. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చెప్పులు బయట వదిలింది, మంచి మనిషే. వేరే ఊళ్ళో ఒక కేంద్రం ఉందట. కళ్ళతోనే మాటలు రాసే యంత్రం అక్కడ నేర్పుతారట. ఆయన చూస్తే అక్షరం పడుతుంది, అక్షరాలు చేరితే యంత్రం పైకి చదివి వినిపిస్తుంది. ఏడాది పైనే ఉండాలి. ఇంట్లోవాళ్ళకి అక్కడ చోటు లేదు, ఎప్పుడన్నా వచ్చి చూసి పోవచ్చు.

"కాకపోతే లోపల తెలివి సరిగ్గా ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. నేను స్వయంగా చూసి రాసివ్వాలి" అంది.

"మా నాన్న చదరంగం ఆడతారండీ!" అని అబ్బాయి ఎగిరి గంతేశాడు.

"ఇంకేం, ఆ ఆటే చూస్తాను. మీరు పక్కనుండి ఎత్తులెలా ఉన్నాయో చెప్పండి. ఆలోచన ఉన్న ఆటైతే నాకు చాలు" అంది. వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం వస్తుందట.

"తెలివి లేదంటే?" అని అడిగాను నేను.

"అప్పుడిక నేర్పేదేం ఉండదమ్మా. మీ దగ్గరే ఉంటారు."

అబ్బాయి ఆయన మీదికి వంగి, "వెళ్తారా నాన్నా?" అన్నాడు.

రెప్ప ఎలా వాల్చారంటే కనుబొమ్మ కూడా కదిలింది. ఆ కనుబొమ్మ కదలదని ఆసుపత్రిలో చెప్పారు.

22, ఆదివారం

అక్కడ వేళకి ఒళ్ళు తిప్పుతారో లేదో. తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. కంట్లో నీరు కారితే ఎవరు తుడుస్తారు? జావ వేడిగా పోసేస్తే అయ్యో అనలేరు కూడా. ఏడాదికి ఎన్ని జ్వరాలు! నేను లేకుండా ఎలా?

అబ్బాయికి చెబితే, "నీకు భయపడటానికి ఏదో ఒకటి కావాలమ్మా, లేకపోతే అన్నం సహించదు" అన్నాడు.

24, మంగళవారం

జుట్టు దువ్వుతూ అడిగాను. "నన్ను ఒక్కదాన్నీ వదిలేసి వెళ్తారా?"

రెప్ప.

కన్ను అలిసిందేమో. మళ్ళీ అడగలేదు.

27, శుక్రవారం

టైలరమ్మ జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, "మాట రాగానే మొదట ఏమంటారో తెలుసా పెద్దమ్మా? మీ పేరే పిలుస్తారు చూడండి" అంది.

పేరు పెట్టి ఎప్పుడు పిలిచారు? మట్టిబుర్రా అని పిలుస్తారు. యంత్రం గట్టిగా చదువుతుంది. డాక్టర్లూ నర్సులూ వింటారు. ఇంకా ఏమేం చెబుతారో. చెంచా గురించి చెబుతారు. వేలు గురించి చెబుతారు. ఉన్నవీ లేనివీ కలిపి చెబుతారు, ఆయన సంగతి నాకు తెలియదా?

29, ఆదివారం

అబ్బాయి పక్కన కూర్చుని ఆట చూశాడు. ఆయన గెలిచారు. వాడున్నప్పుడు వేలు జారలేదు. వాడు రెప్ప చూడడు, అద్దమే చూస్తాడు.

ఒకటి గమనించాను. పెట్టె కీచుమంటే నొక్కినవాళ్ళ తప్పంటారు. కీచుమనని తప్పు ఎత్తులు కూడా చాలా ఉన్నాయి. అవి ఆడినవాళ్ళ తప్పవుతాయి. ఏవి చెల్లుతాయో, ఏవి చెల్లవో ఇప్పుడు చూడగానే తెలుస్తోంది. గుర్రం ఎటు దూకుతుందో, ఒంటె ఎటు జారుతుందో, ఏది ఏ గడిలో పెడితే పోతుందో. ఎవరూ నేర్పలేదు. రోజూ పోస్తుంటే దోసెడు నీళ్ళు రాయిలోకీ ఇంకుతాయి.

ఊరికే గమనించాను.

1, మంగళవారం

రేపు వస్తారు. గది తుడిచాను. ఆయనకి గడ్డం గీశాను. చెంప మీద చిన్నగా తెగింది. పసుపు అద్దాను. చూస్తూనే ఉన్నారు, పొద్దున్నుంచీ ఆ కన్ను మెరుస్తూనే ఉంది. పెళ్ళికొడుకు కన్నులా.

2, బుధవారం

అయిపోయింది.

డాక్టరమ్మ కుర్చీ ఇటు, అబ్బాయి అటు. ముందు అబ్బాయే అట్ట పట్టుకున్నాడు. ఫ్యాను గాలికి రెప్ప అల్లాడుతుంది, ఏది ఆయన వాల్చింది, ఏది గాలి వాల్చింది అన్నది వాడికి తెలియలేదు. పెట్టె రెండుసార్లు కీచుమంది. "నా వల్ల కాదు. అమ్మకే తెలుస్తుంది ఆ భాష" అని అట్ట నా చేతికిచ్చాడు. ఫ్యాను ఆపుదామని డాక్టరమ్మ అంటే, ఆయనకి ఉక్కపోస్తే ఊపిరాడదని నేనే వద్దన్నాను. నిజమే, ఉక్కగా ఉంది.

మొదటి ఎత్తు చెప్పినట్టే నొక్కాను. రెండోదీ చెప్పినట్టే నొక్కాను. మూడోదానికి వేలు నడిపిస్తుంటే డి దగ్గర వాలినట్టు అనిపించింది. ఆగాను. అక్కడ మంత్రి ఉంది. ఆయన గుర్రం కావాలనుకున్నారో ఏమో, అది ఇంకా మూడక్షరాల అవతల ఉంది. నాకు అనిపించిందే నొక్కాను. తర్వాత కూడా నాకు అనిపించిందే నొక్కాను.

మంత్రి వెళ్ళి బంటు కొట్టే గడిలో కూర్చుంది. బంటు దాన్ని కొట్టేసింది.

"అరే" అన్నాడు అబ్బాయి. "నాన్నా?"

ఆయన రెప్ప గబగబా కొట్టుకోవడం మొదలైంది. ఆగకుండా. డాక్టరమ్మ ముందుకి వంగి, "ఎందుకమ్మా అలా కొట్టుకుంటున్నారు?" అంది.

"కన్ను మండుతుందమ్మా. ఎప్పుడూ అంతే" అని తడిగుడ్డతో ఒత్తాను. కాసేపు ఒత్తి ఉంచాను. తీస్తే మళ్ళీ కొట్టుకుంది. నీళ్ళు కారాయి. మళ్ళీ ఒత్తాను.

తర్వాత ఒక ఏనుగు పోయింది. ఒంటె ఊరికే వెళ్ళి చచ్చింది. రాజు ఒక గడి ముందుకి, ఒక గడి వెనక్కి, పిచ్చివాడిలా తిరిగాడు. పెట్టె ఒక్కసారి కూడా కీచుమనలేదు.

"మా నాన్న ఇలా ఆడరండీ" అన్నాడు అబ్బాయి. కాసేపటికి, "ఇలా ఎవరూ ఆడరు" అన్నాడు.

డాక్టరమ్మ వాడి భుజం తట్టింది. రెప్ప వాలడం అలవాటుగా మిగిలిపోతుందట, లోపల మనిషి లేకపోయినా. మరి ముందు గెలిచిన ఆటల సంగతేంటని అబ్బాయి అడిగాడు. ఒక్కో మెరుపు అలా వచ్చి పోతుందట. కాగితం మీద రాసి సంతకం పెట్టింది. అబ్బాయి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. నీళ్ళు వృథా అవుతున్నాయని వెళ్ళి కట్టేశాను.

మా దగ్గరే ఉంటారు.

3, గురువారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది. చాలా రోజులకి మధ్యాహ్నం కునుకు పట్టింది.

4, శుక్రవారం

అట్ట తీసుకెళ్ళాను. "రండి, ఆడదాం. ఈరోజు మీరు చెప్పిందే నొక్కుతాను, ఒట్టు" అన్నాను. వేలు ఎ నుంచి హెచ్ దాకా నడిపించాను. వెనక్కి నడిపించాను. పైకప్పు చూస్తున్నారు.

అలిగారు.

6, ఆదివారం

ఇంకా అలక తీరలేదు. అబ్బాయి వచ్చి "నాన్నా, వినబడుతోందా?" అన్నాడు. వాడికి కూడా వాల్చలేదు. అడగనప్పుడు అందరికీ కొట్టుకున్నట్టే కొట్టుకుంటుంది. అడిగితే బిగుసుకుంటుంది. పోస్తే మింగుతారు, బతకడానికి సరిపడా.

9, బుధవారం

అట్ట. ఊరుకున్నారు.

10, గురువారం

అట్ట. "మట్టిబుర్ర అనుకోండి పోనీ. అనుకుంటున్నారా?" ఊరుకున్నారు.

12, శనివారం

పొద్దున ఆయన్ని పక్కకి తిప్పబోయి నేల మీద పడ్డాను. నడుములో ఏదో కలుక్కుమంది. లేవలేకపోయాను. మంచం కోడు పట్టుకుని పిలిచాను, ఎవర్ని పిలిచానో నాకే తెలియదు. ఆయన కన్ను కిందికి, నా మీదికి వాలింది. చూశారు. నేను పడి ఉన్నంతసేపూ చూశారు. టైలరమ్మ సూదులు అడగడానికి వచ్చింది కాబట్టి సరిపోయింది.

అబ్బాయి సాయంత్రం వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "ఇక నీ వల్ల కాదమ్మా. పెద్దాసుపత్రిలో ఒక వార్డుంది. ఇలాంటివాళ్ళని చివరిదాకా ఉంచుకుంటారు. డాక్టరమ్మ రాసిన కాగితం చూపిస్తే చేర్చుకుంటామన్నారు."

"ఇలాంటివాళ్ళంటే?"

"ఏమీ తెలియనివాళ్ళు."

"ఆయనకి అన్నీ తెలుసురా."

"అమ్మా" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "నీ చేతుల మీదుగానేగా జరిగింది. నువ్వే చూశావు. ఏమీ తెలియనప్పుడు ఆయనకి ఎక్కడైనా ఒకటే. నీకు మాత్రం ఒకటి కాదు."

ఇలా అవుతుందని నేను అనుకోలేదు. ఎన్నెన్నో జరుగుతాయని రాత్రింబవళ్ళు అనుకునేదాన్ని, ఇదొక్కటే అనుకోలేదు.

13, ఆదివారం

బతిమాలాను. పొద్దున్నే, అబ్బాయి రాకముందు, ఆయన కాళ్ళ మీద తల పెట్టి బతిమాలాను. "ఒక్క ఆట ఆడండి. వాడు చూస్తాడు. మీరు చెప్పినట్టే నొక్కుతాను. ఆ కేంద్రానికే వెళ్ళిపోండి, నన్ను ఏమన్నా చెప్పుకోండి. ఆ వార్డుకి వద్దు. అక్కడ గోడలకేసి పడుకోబెడతారట."

పైకప్పు.

అబ్బాయి వచ్చాక వాణ్ణి బలవంతంగా కూర్చోబెట్టాను. "ఒక్కసారి చూడరా, ఈరోజు బాగున్నారు" అన్నాను. పెట్టె వేశాను. వేలు నడిపించాను. ఆ కన్ను కదల్లేదు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆగాను.

ఆయన ఎలా మొదలుపెట్టేవారో అలాగే మొదలుపెట్టాను. బంటు, గుర్రం, ఒంటె. రాజుని మూలకి జరిపి ఏనుగుని కాపలా పెట్టాను. పెట్టె గుర్రం ఒకటి తెలివితక్కువగా ముందుకొచ్చింది, బంటుతో పొడిచాను. దాని ఏనుగు దొరికింది.

"భలే!" అన్నాడు అబ్బాయి. నిటారుగా కూర్చున్నాడు. "భలే ఎత్తు నాన్నా!"

అప్పుడు తల తిప్పి ఆయన్ని చూశాడు. అద్దాన్ని కాదు, ఆయన్ని. నా వేలు అప్పటికే ఇంకో అక్షరం మీద ఆగి ఉంది.

"అమ్మా. ఆగు."

ఆగాను.

"నాన్న రెప్ప వాల్చలేదు."

"వాల్చారురా, నీకు తెలీదు."

"నేను చూస్తున్నానమ్మా. ఒక్కసారి కూడా వాల్చలేదు." వాడి మొహం మెల్లగా మారింది. ఎలా చెప్పాలి, ఇంట్లో ఎవరో పోతే కబురు అందుకున్నవాడిలా, అదే సమయంలో నవ్వొస్తున్నవాడిలా. "నువ్వు ఆడుతున్నావు. మొదట్నుంచీ నువ్వే ఆడావు కదూ? ఆ రోజు గెలిచింది కూడా? డాక్టరమ్మ వచ్చిన రోజు భయపడి చెడగొట్టావు, ఔనా? నేను వెర్రివాడిలా అందరికీ టీ ఇప్పించాను. నాన్న లోపల ఉన్నారని."

నేనేం చెప్పను? ఆయనే ఆడారంటే, మరి ఆ బుధవారం ఎవరు ఆడారని అడుగుతాడు. ఎలా అడిగినా చివరికి నా వేలి దగ్గరికే వస్తాడు.

"నా కోసమే చేశావు. నేను బాధపడతానని" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పమ్మా. నువ్వే కదా?"

ఆయన కన్ను పైకప్పు మీంచి దిగి నా మీదికి వచ్చింది.

"అవునురా" అన్నాను.

అబ్బాయి నా తల గుండెకి ఆనించుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, "ఐదో తరగతి చదివి పెట్టెని ఓడించావే! నాన్నకి తెలిసుంటే ఏమనేవారో!" అన్నాడు.

ఆయన వింటున్నారు. నాకు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, సంతోషం వేసింది. రాయకూడదు గానీ వేసింది.

15, మంగళవారం

చొక్కాలు సర్దాను. వార్డులో చొక్కాలు వేయరట, వెనక ముడి ఉండే గౌను వేస్తారట. విప్పి మళ్ళీ బీరువాలో పెట్టాను.

16, బుధవారం

ఇద్దరు మనుషులొచ్చారు, పొడుగాయన ఒకడు, లావాయన ఒకడు. నడుము నొప్పితో నేను గోడ పట్టుకునే నిలబడ్డాను. స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు ఆయన తల పక్కకి వాలితే పొడుగాయన దిండు సర్దాడు. పనిమంతుడే. లావాయన పట్టీలు బిగిస్తూ, ఊరికే, గోడతో మాట్లాడినట్టు, "ఏం పెద్దాయనా, అత్తారింటికి వెళ్దామా మరి?" అన్నాడు.

రెప్ప వాలింది.

పూర్తిగా. మెల్లగా. కనుబొమ్మ కదిలేలా. మళ్ళీ తెరుచుకుని ఆ లావాయన మొహంలోకి చూసింది, ఇంకేమన్నా అడుగుతాడేమోనని.

లావాయన పట్టీ కొక్కెం వెతుక్కుంటున్నాడు. పొడుగాయన కాళ్ళ వైపున్నాడు. అబ్బాయి తలుపు పట్టుకుని, గుమ్మానికి తగలకుండా ఎటు తిప్పాలా అని చూస్తున్నాడు. ఎవరూ చూడలేదు. నేను చూశాను.

గుమ్మం దాకా వచ్చారు. పొడుగాయన ఆగి, "ఏమన్నా చెప్పాలామ్మా మాకు? పెద్దాయన అలవాట్లూ అవీ?" అని అడిగాడు. మంచి మనిషి.

బయట ఎండ కాస్తోంది. ఆయనకి వెలుతురు పడదని, కళ్ళకి గుడ్డ కట్టి తీసుకెళ్ళమని చెప్పాను. అక్కడ కూడా కట్టే ఉంచమని చెప్పాను.

కట్టారు.